దేశం మారితే వరుస మారుతుంది: సెర్చ్ ర్యాంకుల్లో తేడాలు

వంకాయ కూర ఎలా వండాలో చెప్పే ఇంగ్లిష్ పేజీ ఒకటి ఉందనుకుందాం. రాసినామె గుంటూరు మనిషి, కాబట్టి అలవాటు కొద్దీ వంకాయను ‘బ్రింజాల్’ అని రాసింది. హైదరాబాదులో ‘బ్రింజాల్ కర్రీ’ అని గూగుల్‌ని అడిగినవాళ్లకు ఆ పేజీ పైవరుసల్లో దొరకవచ్చు. డాలస్‌లోని అమెరికన్ అదే కూర కోసం ‘ఎగ్‌ప్లాంట్’ అని వెతుకుతాడు. లండన్ మనిషి ‘ఆబర్జిన్’ అంటాడు. కూర అదే, పేజీ అదే, వెతికిపెట్టే యంత్రమూ అదే. అయినా హైదరాబాదులో పైన ఉన్న పేజీ డాలస్‌లో అట్టడుగుకు జారిపోతుంది.

సెర్చ్ ఇంజన్‌లో ఒక వెబ్‌సైటుకు దొరికే స్థానం దేశానికో తీరుగా ఉండడం మామూలు సంగతి. సైటు యజమానులు మాత్రం దీన్ని తరచు రోగంగా భావించి వైద్యం వెతుక్కుంటారు. ర్యాంకును సైటుకు శాశ్వతంగా అంటుకున్న అంకెగా చూడడం వల్ల వచ్చే చిక్కు ఇది. ఎవరు, ఎక్కడి నుంచి, ఏ మాటతో, ఏ భాషలో అడిగారో చూసి యంత్రం అప్పటికప్పుడు ఒక వరుస కడుతుంది. ఆ వరుసలో దక్కిన చోటే ర్యాంకు. అడిగే మనిషి మారితే వరుసా మారుతుంది.

సూచిక ఒకటే, వరుసలు అనేకం

లారీ పేజ్, సెర్గే బ్రిన్ 1998లో గూగుల్‌ను స్థాపించిన నాటి ఆలోచన దేశాలతో పని లేనిది. ఒక పేజీకి ఎన్ని పేజీలు లింకు ఇస్తున్నాయి, అలా ఇచ్చే పేజీల విలువ ఎంత అన్నది లెక్కకట్టి ప్రతి పేజీకీ ఒక బరువు ఇవ్వడం దాని మూలసూత్రం. దానికి పేజ్‌ర్యాంక్ అని పేరు. ఆ బరువు హైదరాబాదుకైనా హాంబర్గ్‌కైనా ఒకటే. ఇప్పటికీ గూగుల్ సేకరించిన పేజీల సూచిక ప్రపంచమంతటికీ ఉమ్మడిదే. తేడా అంతా వరుస కట్టేటప్పుడు వస్తుంది.

అడిగే మనిషి ఎక్కడున్నాడో యంత్రానికి ఎలా తెలుస్తుంది? ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే ఐపీ అడ్రస్ దేశాన్నీ, చాలాసార్లు ఊరినీ చెప్పేస్తుంది. ఫోనులో లొకేషన్ తెరిచి ఉంటే వీధి కూడా తెలుస్తుంది. ఖాతాలో ఇల్లు, ఆఫీసు చిరునామాలు పెట్టుకుని ఉంటే అవీ పనికొస్తాయి. 2017 అక్టోబరు దాకా దీనికి మరో దారి ఉండేది. గూగుల్ డాట్ కో డాట్ ఇన్ అని టైపు చేస్తే భారత ఫలితాలు, గూగుల్ డాట్ కో డాట్ యూకే అంటే బ్రిటన్ ఫలితాలు వచ్చేవి. ఆ నెలలో గూగుల్ ఆ పద్ధతి ఎత్తివేసి, ఏ చిరునామా టైపు చేసినా మనిషి ఉన్న చోటును బట్టే ఫలితాలు ఇస్తామంది. 2025 ఏప్రిల్‌లో దేశాల వారీ చిరునామాలన్నిటినీ మెల్లగా గూగుల్ డాట్ కామ్‌కే మళ్లిస్తామని ప్రకటించింది. చిరునామా ఒక్కటైనా వరుసలు ఒక్కటి కాలేదు. సెట్టింగుల్లో ప్రాంతం మార్చుకునే వీలు మాత్రం ఉంది.

ప్రశ్నలోనే ఉన్న తేడా

తేడాలకు అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే, న్యాయమైన కారణం కూడా ఇదే. ఒకే మాట రెండు దేశాల్లో రెండు ప్రశ్నలు. ‘ఫుట్‌బాల్ స్కోరు’ అని చికాగోలో అడిగినవాడికి కావలసింది చేతులతో పట్టుకుని పరిగెత్తే ఆట, లండన్‌లో అడిగినవాడికి కావలసింది కాలితో తన్నే ఆట. ఇద్దరికీ ఒకే జాబితా ఇచ్చే యంత్రం ఎవరో ఒకరికి తప్పు జవాబు ఇస్తున్నట్టే. ‘ఆదాయపు పన్ను గడువు’, ‘డ్రైవింగ్ లైసెన్సు’, ‘పాస్‌పోర్టు’ లాంటి మాటలకు దేశం తెలియకుండా జవాబే లేదు.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ పంచాంగం. తిథి అంటే సూర్యచంద్రుల మధ్య పన్నెండు డిగ్రీల దూరం. అది మారే క్షణం భూమి మీద అందరికీ ఒకటే. కానీ ఆ క్షణానికి హైదరాబాదు గడియారం ఒకటి చూపిస్తే డాలస్ గడియారం పదిన్నర గంటలో పదకొండున్నర గంటలో వెనక ఉంటుంది. పైగా ఆ రోజు ఏ తిథి అని చెప్పేది సూర్యోదయాన్ని బట్టి, సూర్యోదయం ప్రతి ఊరికీ వేరు. అందుకే ఏకాదశి ఇక్కడ ఒక తేదీన, అమెరికాలో అంతకు ముందు తేదీన పడడం కద్దు. డాలస్‌లో ఉన్న తెలుగువారు ‘ఈరోజు తిథి’ అని వెతికినప్పుడు విజయవాడ పంచాంగం మొదట వస్తే, ఉపవాసం ఒకరోజు తప్పిపోవచ్చు. అక్కడ అమెరికా నగరాల లెక్కలు ఇచ్చే సైటు పైకి రావడం, విజయవాడ సైటు కిందికి దిగడం యంత్రం సరిగ్గా పనిచేసినందుకు గుర్తు. విజయవాడ సైటు యజమానికి ఇందులో బాధపడాల్సిందేమీ లేదు.

దుకాణాలు, ఆసుపత్రులు, హోటళ్ల లాంటి వెతుకులాటల్లో చోటు పట్టింపు దేశంతో ఆగదు, పేట దాకా వస్తుంది. మ్యాపుతో పాటు వచ్చే ఈ జాబితాకు మూడు విషయాలు చూస్తామని గూగుల్ చెబుతుంది: అడిగినదానికి ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరున్నది. అమీర్‌పేటలో మొదట కనిపించిన టిఫిన్ సెంటర్ దిల్‌సుఖ్‌నగర్‌లో కనిపించకపోవడం అందుకే.

సైటు ఏ దేశానిదని యంత్రం అనుకుంటోంది

మనిషి చోటు తెలిసినట్టే సైటు చోటు కూడా యంత్రానికి తెలియాలి. అన్నిటికన్నా గట్టి సూచన డొమైన్ చివరి భాగం. డాట్ ఇన్ అంటే భారత్, డాట్ డీఈ అంటే జర్మనీ. జర్మనీ జనాన్ని ఆశించే దుకాణం డాట్ ఇన్ పేరుతో నడుస్తుంటే, ‘ఇది భారతీయుల కోసం’ అని తలుపు మీద తనే బోర్డు పెట్టుకున్నట్టు. అయితే కొన్ని దేశాల పేర్లు వాడుకలో దేశాన్ని దాటిపోయాయి. డాట్ టీవీ పసిఫిక్ ద్వీపదేశం తువాలుది, డాట్ ఎంఈ మాంటెనెగ్రోది, డాట్ సీవో కొలంబియాది, డాట్ ఏఐ కరీబియన్ దీవి అంగ్విల్లాది. వీటిని ప్రపంచమంతా వాడుతోంది కాబట్టి గూగుల్ వీటిని ఏ దేశానికీ కట్టెయ్యదు.

డాట్ కామ్ లాంటి పేరైతే సైటులోని వివరాలే ఆధారం: ధరలు రూపాయల్లో ఉన్నాయా డాలర్లలోనా, ఫోన్ నంబరు ఏ దేశపుది, చిరునామా ఎక్కడిది, ఏ దేశపు సైట్లు దీనికి లింకు ఇస్తున్నాయి. సర్వర్ ఏ దేశంలో ఉందన్నది ఒకప్పుడు గట్టి సూచన. ఇప్పుడు ఒకే సైటు నకళ్లు పది దేశాల సర్వర్లలో ఉంటున్నాయి గనుక దాని బరువు తగ్గింది. పేజీ లోపల కనబడకుండా దేశం పేరు రాసే భౌగోళిక ట్యాగులను గూగుల్ అసలు పట్టించుకోదు. అవి పెట్టిస్తామని డబ్బు అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు, వారికి ఇవ్వవద్దు.

అనేక దేశాల్లో వ్యాపారం చేసే సంస్థలు మూడు దారులు పట్టాయి. అమెజాన్ దేశానికో డొమైన్ తీసుకుంది. ఆపిల్ ఒకే డొమైన్ కింద దేశానికో విభాగం పెట్టింది. వికీపీడియా దేశాలను వదిలేసి భాషకో ఉపడొమైన్ పెట్టుకుంది. తెలుగు వికీపీడియా తెలుగుదే గాని భారత్‌దో అమెరికాదో కాదు. ఆ విజ్ఞాన సర్వస్వానికి అదే సరైన ఏర్పాటు. మొదటి దారిలో దేశపు గుర్తు స్పష్టంగా ఉంటుంది గాని, ఒక డొమైన్ సంపాదించుకున్న పేరు మరోదానికి తనంతట తాను చేరదు. అమెరికాలో పదేళ్లుగా పాతుకుపోయిన సంస్థ భారత్‌లో కొత్త డొమైన్‌తో దిగితే ఇక్కడ దాదాపు మొదటి మెట్టు నుంచే ఎక్కాలి.

ఒకే ఇంగ్లిష్ పేజీ భారత్‌కు ఒకటి, బ్రిటన్‌కు ఒకటి, అమెరికాకు ఒకటి అని మూడు నకళ్లుగా ఉన్నప్పుడు మరో చిక్కు వస్తుంది. మూడూ ఒకేలా ఉంటే యంత్రం ఒకదాన్ని అసలుదిగా తీసుకుని మిగతావాటిని పక్కన పెడుతుంది. భారతీయుడికి డాలర్ ధరల పేజీ కనబడడం వెనక ఉన్న కథ ఇది. దీనికి విరుగుడుగా 2011 డిసెంబరులో గూగుల్ హెచ్‌రెఫ్‌లాంగ్ అనే గుర్తును తెచ్చింది. ‘ఈ పేజీ భారతీయ ఇంగ్లిష్ పాఠకులకు, దాని జోడీ బ్రిటన్ వారికి’ అని యంత్రానికి చెప్పే గుర్తు అది. మొదటి పేజీ రెండో పేజీని చూపిస్తే రెండోది కూడా మొదటిదాన్ని చూపించాలి, లేకపోతే గుర్తు చెల్లదు. బ్రిటన్‌కు యూకే అని రాయడం తరచు జరిగే పొరపాటు, ప్రమాణం ప్రకారం జీబీ అని రాయాలి. ఈ గుర్తు ర్యాంకును పెంచదు. దక్కిన స్థానంలో సరైన దేశపు పేజీని నిలబెడుతుంది, అంతే.

వచ్చినవాడి ఐపీ అడ్రస్ చూసి బలవంతంగా అతని దేశపు పేజీకి తోసేసే సైట్లు తమకు తామే హాని చేసుకుంటాయి. పేజీలు సేకరించడానికి తిరిగే గూగుల్ బాట్ ఎక్కువగా అమెరికా ఐపీల నుంచే వస్తుంది. దాన్నీ అమెరికా పేజీకే తోసేస్తే భారత్ పేజీ ఒకటి ఉందన్న సంగతే దానికి తెలియదు.

లింకులు, క్లిక్కులు, పోటీ

లింకుల లెక్కలో కూడా దేశం దూరుతుంది. తెలుగు రాష్ట్రాల పత్రికలు, కళాశాలలు, ప్రభుత్వ శాఖలు లింకు ఇచ్చే సైటు ఇక్కడి వెతుకులాటలకు దగ్గరదిగా కనిపిస్తుంది. జర్మనీలో దాన్ని ఎరిగినవారు ఉండరు.

జనం దేన్ని నొక్కుతారన్నదీ లెక్కలోకి వస్తుంది. అమెరికా ప్రభుత్వం గూగుల్‌పై వేసిన గుత్తాధిపత్యం కేసులో 2023 అక్టోబరులో సాక్ష్యమిచ్చిన గూగుల్ ఉపాధ్యక్షుడు పాండు నాయక్, నావ్‌బూస్ట్ అనే వ్యవస్థ పదమూడు నెలల క్లిక్కుల సమాచారాన్ని వాడుకుంటుందని చెప్పారు. ఒక దేశపు జనానికి తెలిసిన పేరు మీద వేలు తొందరగా పడుతుంది, తెలియని పేరును దాటేస్తారు. ఇక ఫలితాల నాణ్యతను పరీక్షించడానికి గూగుల్ నియమించుకునే మదింపుదారులకు ఇచ్చే మార్గదర్శకాలు కూడా ప్రతి ప్రశ్ననూ ఒక భాష, ఒక ప్రాంతం జంటగానే చూడమంటాయి. వారి మార్కులు నేరుగా ఏ సైటు ర్యాంకునూ మార్చవు గాని, యంత్రాన్ని ఎటు దిద్దాలో చెబుతాయి.

వీటన్నిటి కన్నా తేలికగా అర్థమయ్యేది, అందరూ మరచిపోయేది పోటీ. ర్యాంకు అంటే పక్కవాళ్లతో పోలిక. సైటులో ఒక్క అక్షరం మారకపోయినా, గట్టి సైట్లు వంద ఉన్న దేశంలో అది నలభయ్యోది, పది ఉన్న దేశంలో రెండోది.

అన్ని దేశాలకూ ఒకే రోజు రాని మార్పులు

గూగుల్ తన పద్ధతి మార్చినప్పుడు ఆ మార్పు సాధారణంగా అమెరికాలో, ఇంగ్లిష్‌లో మొదలవుతుంది. నాసిరకం సరుకు నింపిన సైట్లను కిందికి దించిన పాండా మార్పు 2011 ఫిబ్రవరిలో అమెరికాలో, ఏప్రిల్‌లో ప్రపంచంలోని ఇంగ్లిష్ వెతుకులాటలన్నిటిలో, ఆగస్టులో మిగతా చాలా భాషల్లో అమలైంది. ఆ ఆరు నెలలూ ఒకే సైటు ఒక దేశంలో పడిపోయి ఇంకో దేశంలో నిలబడే ఉంది. మాటల సందర్భాన్ని పట్టుకునే బెర్ట్ పద్ధతి 2019 అక్టోబరులో అమెరికా ఇంగ్లిష్‌కు, డిసెంబరులో డెబ్బైకి పైగా భాషలకు వచ్చింది, వాటిలో తెలుగు ఒకటి. కృత్రిమ మేధ రాసిపెట్టే సారాంశాలు 2024 మేలో అమెరికాలో, ఆగస్టులో భారత్‌తో సహా మరో ఆరు దేశాల్లో మొదలయ్యాయి. ఆ సారాంశం పైన కూర్చున్న చోట మొదటి ర్యాంకు కూడా చూపుకు కిందిదే.

చట్టం గీసిన గీతలు

ఇంతవరకు చెప్పిన తేడాలు వెతికేవారి అవసరం నుంచి పుట్టినవి. చట్టం వల్ల వచ్చే తేడాల స్వభావం వేరు. అక్కడ పేజీ కిందికి జారదు, ఉండదు. ఫ్రాన్స్, జర్మనీల్లో నాజీ ప్రచారానికీ, యూదుల సామూహిక హత్యాకాండ జరగనేలేదనే రాతలకూ చట్టం ఒప్పుకోదు. హార్వర్డ్ న్యాయ కళాశాలకు చెందిన జొనాథన్ జిట్రెయిన్, బెంజమిన్ ఎడెల్మన్ 2002లో పరిశీలిస్తే, గూగుల్ డాట్ కామ్‌లో ఉండి ఫ్రాన్స్, జర్మనీ గూగుల్‌లలో పూర్తిగానో కొంతగానో లేని సైట్లు 113 తేలాయి. దేశాన్ని బట్టి ఫలితాలు తొలగించడాన్ని బయటివారు లెక్కపెట్టి చూపిన తొలి ప్రయత్నాల్లో ఇది ఒకటి.

2014 మే 13న ఐరోపా న్యాయస్థానం మరో గీత గీసింది. తన పేరుతో వెతికితే వచ్చే పాత, ఇప్పుడు పొసగని సమాచారాన్ని ఫలితాల నుంచి తీసివేయమని కోరే హక్కు మనిషికి ఉందని స్పెయిన్ కేసులో తీర్పు చెప్పింది. తీసివేత ఐరోపాకేనా, ప్రపంచమంతటికీనా అని ఫ్రాన్స్ సమాచార రక్షణ సంస్థతో గూగుల్‌కు తగవు వచ్చింది. ప్రపంచమంతటా తీసేయాలని ఐరోపా చట్టం కోరడం లేదని అదే న్యాయస్థానం 2019 సెప్టెంబరులో తేల్చింది. అందుచేత ఒక మనిషి పేరు పారిస్‌లో వెతికితే కనబడని పేజీ హైదరాబాదులో కనబడవచ్చు. కెనడా సుప్రీంకోర్టు దీనికి ఎదురు దారి పట్టింది. 2017 జూన్‌లో ఈక్వస్టెక్ కేసులో, ఒక సంస్థ సైట్లను ప్రపంచమంతటా ఫలితాల నుంచి తొలగించాలని గూగుల్‌ను ఆదేశించింది. ఒక దేశపు కోర్టు తక్కిన దేశాల ప్రజలు ఏం చూడాలో నిర్ణయించడం మంచి దారి కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అలాంటి అధికారం ఒకరికి ఒప్పుకుంటే అందరికీ ఒప్పుకోవలసి వస్తుంది, అప్పుడు అన్నిటికన్నా కఠినమైన దేశం గీసిన గీతే ప్రపంచానికి గీత అవుతుంది.

భారత్‌లో గర్భస్థ శిశువు ఆడో మగో చెబుతామనే ప్రకటనలను 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం ఒప్పుకోదు. ఆడపిల్లల ప్రాణాలకు సంబంధించిన విషయం కాబట్టి సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా పట్టుకుంది. 2016లో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ సంస్థలు అలాంటి ప్రకటనలను ఇక్కడ అడ్డుకుంటామని కోర్టుకు తెలిపాయి. అదే సేవ చట్టబద్ధమైన దేశాల్లో ఆ ప్రకటనలు మామూలుగా వస్తాయి.

పోటీ చట్టాలు కూడా పేజీ ముఖాన్ని మారుస్తున్నాయి. ఐరోపా సమాఖ్య డిజిటల్ మార్కెట్ల చట్టం పెద్ద సంస్థలపై 2024 మార్చి నుంచి పూర్తిగా అమలవుతోంది. గూగుల్ అక్కడ తన విమానాల పట్టికను ఫలితాల నుంచి తీసేసి, టికెట్లు పోల్చిచూపే ఇతర సైట్లకు చోటు పెంచింది. అలాంటి సైటు ఏమీ చేయకుండానే ఒక ఖండంలో పైకి వచ్చింది.

గూగుల్ రాజ్యం కాని చోట్లు

చైనాలో వెతుకులాట అంటే రాబిన్ లీ 2000లో నెలకొల్పిన బైదు. గూగుల్ 2006లో అక్కడి ప్రభుత్వ ఆంక్షలకు ఒప్పుకుని చైనా సైటు తెరిచింది. 2010 మార్చిలో ఆ ఆంక్షలు ఇక పాటించలేమని చెప్పి తన వాడుకరులను హాంకాంగ్ సైటుకు మళ్లించింది. చైనా ప్రధాన భూభాగంలో సైటు హోస్ట్ చేయాలంటే ప్రభుత్వ నమోదు కావాలి. బయట ఉంచితే సరిహద్దు వడపోత దాటి పేజీ తెరుచుకోవడానికే ఆలస్యం. గూగుల్‌లో మొదటి స్థానం ఉన్న సైటు అక్కడ లేనట్టే లెక్క.

రష్యాలో 1997లో మొదలైన యాండెక్స్‌కు బలం రష్యన్ వ్యాకరణం. విభక్తులతో మాట రూపం మారిపోయే భాషను మొదటి నుంచీ అది పట్టుకుంది. చోటుతో ముడిపడిన ప్రశ్నలు, ముడిపడనివి అని అది బాహాటంగానే విడదీస్తుంది. దక్షిణ కొరియాలో 1999 నాటి నేవర్ తన సొంత బ్లాగులకు, 2002లో తెచ్చిన ప్రశ్నోత్తరాల సేవకు పెద్ద చోటు ఇస్తుంది. బయటి సైటుకు అక్కడ మిగిలే జాగా తక్కువ. చెక్ దేశంలో 1996 నుంచి సెజ్నామ్ ఉంది. యాహూ జపాన్ మాత్రం 2010లో గూగుల్ ఇంజన్‌కే మారింది.

తెలుగు పేజీల సంగతి

తెలుగు లిపిలో వెతికినప్పుడు దేశం బరువు తగ్గి భాష బరువు పెరుగుతుంది. ‘గోంగూర పచ్చడి’ అని తెలుగు అక్షరాల్లో న్యూజెర్సీలో అడిగినా నెల్లూరులో అడిగినా జవాబు చెప్పగల పేజీలు తెలుగు పేజీలే. అవి ఇంగ్లిష్‌తో పోలిస్తే బహు కొద్ది. తెలుగువారు ఎక్కడున్నా ఒకే అరుగు మీద కలుస్తున్నారన్న సంతోషం ఇందులో ఉంది. మంచి పేజీ లేనప్పుడు నాసిరకం పేజీయే అన్ని దేశాల్లోనూ మొదట నిలుస్తుందన్న బాధా ఉంది.

లోటు వెనక చరిత్ర ఉంది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా, 2000 తర్వాత కూడా కొన్నేళ్ల పాటు తెలుగు పత్రికల సైట్లు సొంత ఫాంట్లతో నడిచాయి. తెర మీద తెలుగు కనిపించేది గాని, లోపల ఉన్నది యంత్రానికి అర్థం కాని సంకేతాల గుంపు. ఆనాటి రాతలు ఏ దేశంలోనూ ర్యాంకు పొందలేదు. ఇప్పటి అడ్డంకులు వేరు. చాలామంది తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో తోచిన స్పెల్లింగుతో కొడతారు. రష్యన్ లాగే మన మాటా వంకాయ, వంకాయలు, వంకాయల్లో, వంకాయతో అని రూపాలు మార్చుకుంటుంది. ఒక జిల్లా సొరకాయ మరో జిల్లాలో ఆనపకాయ. ఇంట్లో మనుషులకు ఇబ్బంది లేని ఈ తేడాలన్నీ యంత్రానికి నేర్పాలంటే తెలుగులో రాసిన మంచి పేజీలు లక్షల్లో కావాలి.

తేడాను కొలవడం

హైదరాబాదులో కూర్చుని మామూలుగా వెతికి అమెరికా ర్యాంకు చూసుకోవడం కుదరదు. బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో తెరిస్తే పాత వెతుకులాటల ప్రభావం పోతుంది, ఐపీ అడ్రస్ మాత్రం అలాగే ఉంటుంది. వీపీఎన్‌తో అమెరికా సర్వర్ ద్వారా వెళ్తే కొంత తెలుస్తుంది గాని, అది ఒక ఊరి నుంచి ఒక క్షణంలో చూసిన దృశ్యం. సైటు యజమానికి నమ్మదగిన ఆధారం గూగుల్ ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్. అందులో పదహారు నెలల సమాచారం దేశాల వారీగా ఉంటుంది: ఏ మాటకు, ఏ దేశంలో, ఎన్నిసార్లు కనిపించారు, ఎందరు నొక్కారు, సగటు స్థానం ఎంత. అన్ని దేశాలనూ కలిపిన సగటు ఎందుకూ పనికిరాదు. భారత్‌లో మూడో స్థానం, అమెరికాలో అరవయ్యో స్థానం కలిపి తీసిన అంకె ఏ దేశంలోనూ లేని స్థానాన్ని చూపిస్తుంది.

మీ సైటుకు మొదటి ర్యాంకు తెప్పించామని ఎవరైనా కాగితం తెచ్చి ఇస్తే, దాని మీద వెతికిన మాట, దేశం, భాష, ఫోనా కంప్యూటరా, తేదీ ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఆ కాగితాన్ని తిప్పి పంపండి.